అమెరికాలో ఛార్జ్ కార్డులు, బిజినెస్ కార్డులు: క్రెడిట్ రిపోర్టులో ఎలా కనిపిస్తాయి, ఎలా సరిచూసుకోవాలి

"ప్లాటినం కార్డు మీద తొమ్మిది వేల డాలర్లు ఉన్నాయి, స్కోరు పడిపోతుందా?" "ఎల్ఎల్‌సీ పేరు మీద తీసుకున్న కార్డు నా రిపోర్టులోకి ఎందుకొచ్చింది?" "కంపెనీ ఇచ్చిన కార్డు బిల్లు ఆలస్యమైతే దెబ్బ నాకా, కంపెనీకా?" అమెరికాలో ఉన్న మనవాళ్లు ఈ ప్రశ్నలు తరచూ అడుగుతున్నారు. ఐటీ కన్సల్టెంట్లు, గ్యాస్ స్టేషన్ నడిపేవాళ్లు, రెస్టారెంట్ పెట్టినవాళ్లు, పక్కన చిన్న కన్సల్టింగ్ కంపెనీ తెరిచినవాళ్లు, అందరికీ ఇది అవసరమే.

అందరూ ముందు స్కోరు చూస్తారు. నేను మాత్రం ఆ ఖాతా రిపోర్టులో ఏ రకంగా నమోదైందో ముందు చూడమంటాను. ఛార్జ్, బిజినెస్ కార్డుల విషయంలో స్కోరు ఎటు కదిలినా కారణం సాధారణంగా అక్కడే దొరుకుతుంది. కింది మెట్లు వరుసగా చేయండి. ఇల్లు కొనే ఆలోచన ఉంటే కనీసం నాలుగైదు నెలల ముందే మొదలుపెట్టండి.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే మూడు సంస్థల (బ్యూరోల) రిపోర్టులూ కావాలి: ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్. ఒకటి చూసి మిగతా రెండూ అలాగే ఉంటాయనుకోవద్దు. ఒకే కార్డు ఒక బ్యూరోలో సరిగ్గా ఉండి, మరో దాంట్లో వేరే రకంగా ఉండవచ్చు.

యాన్యువల్‌క్రెడిట్‌రిపోర్ట్ డాట్ కామ్‌లో మూడూ వారానికోసారి ఉచితంగా దొరుకుతాయి. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. ఫోన్ యాప్‌లో కనిపించేది సారాంశమే. అందులో చాలా గడులు ఉండవు కాబట్టి పూర్తి రిపోర్టు పీడీఎఫ్‌గా దింపుకోండి.

- మూడు బ్యూరోల పూర్తి రిపోర్టులు, ఒకే రోజు దింపినవి
- ప్రతి కార్డుదీ చివరి మూడు నెలల స్టేట్‌మెంట్లు
- ప్రతి కార్డు ఒప్పందం, ముఖ్యంగా పర్సనల్ గ్యారంటీ (వ్యాపారం కట్టకపోతే నేనే కడతానన్న హామీ) గురించి రాసిన పేజీ
- బిజినెస్ కార్డుల బిల్లు ఏ బ్యాంకు ఖాతా నుంచి కట్టారో చూపే స్టేట్‌మెంట్లు, కుదిరితే 12 నెలలవి
- కార్డు పేరు, తెరిచిన నెల, స్టేట్‌మెంట్ ముగిసే తేదీ, డ్యూ డేట్ రాసుకున్న ఒక కాగితం

స్టేట్‌మెంట్ ముగిసే తేదీని, డ్యూ డేట్‌ను విడివిడిగా రాసుకోండి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల వచ్చే ఇబ్బంది నాలుగో మెట్టులో తెలుస్తుంది.

## 2. మీ చేతిలో ఉన్నది ఏ రకం కార్డు?

కార్డు మీద ముద్రించిన పేరును బట్టి రకం చెప్పలేం. ఒప్పందం తెరిచి చూడాలి.

మామూలు క్రెడిట్ కార్డు. లిమిట్ ఉంటుంది. నెలకు కనీస మొత్తం కట్టి మిగతాది వడ్డీతో ముందుకు జరపవచ్చు. రిపోర్టులో దీన్ని రివాల్వింగ్ అంటారు.

ఛార్జ్ కార్డు. ముందే నిర్ణయించిన ఖర్చు పరిమితి ఉండదు, నెల బిల్లు మొత్తం కట్టాలి. రిపోర్టులో దీని రకం ఓపెన్. ఇక్కడ ఓపెన్ అంటే ఖాతా మూయకుండా నడుస్తోందని కాదు, ప్రతి నెలా పూర్తిగా తీర్చాల్సిన ఖాతా అని. రిపోర్టులో స్టేటస్ గడిలోనూ ఓపెన్ అని ఉంటుంది, అది వేరు. రెండింటినీ కలిపేసుకోకండి.

మధ్యరకం. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ గోల్డ్, ప్లాటినం, గ్రీన్ కార్డులు ఒకప్పుడు అచ్చమైన ఛార్జ్ కార్డులు. ఇప్పుడు వాటికి పే ఓవర్ టైమ్ సదుపాయం జత అయింది. అంటే కొన్ని ఖర్చులను వడ్డీతో తర్వాత కట్టవచ్చు. రిపోర్టులో ఇవి ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ క్రెడిట్ కార్డ్ అనే పేరుతో కనిపించవచ్చు. ఎక్కువ తికమక ఈ రకంతోనే.

చిన్న వ్యాపారాల బిజినెస్ కార్డు. ఇది క్రెడిట్ కార్డైనా కావచ్చు, ఛార్జ్ కార్డైనా కావచ్చు. దాదాపు అన్నిటికీ మీ పర్సనల్ గ్యారంటీ ఉంటుంది.

ఉద్యోగం ఇచ్చిన కంపెనీ చేతికిచ్చే కార్పొరేట్ కార్డు. బాధ్యత కంపెనీదా, మీదా, ఇద్దరిదీనా అన్నది ఒప్పందంలో ఉంటుంది. దీని సంగతి ఐదో మెట్టులో చూద్దాం.

## 3. రిపోర్టులో ఏ గడులు చదవాలి

ఒక్కో ఖాతాకు రిపోర్టులో అర పేజీ నుంచి పేజీ దాకా వివరాలు ఉంటాయి. ఈ ఆరు గడులకు పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

ఖాతా రకం. ఓపెన్ అని ఉందా, రివాల్వింగ్ అని ఉందా? అచ్చమైన ఛార్జ్ కార్డైతే ఓపెన్ ఉండాలి. పే ఓవర్ టైమ్ ఉన్న కార్డు రివాల్వింగ్ అని ఉన్నంత మాత్రాన అది తప్పు కాదు.

క్రెడిట్ లిమిట్. ఛార్జ్ కార్డుకు ఈ గడి ఖాళీగానో, వర్తించదనో ఉంటుంది. అది సహజం. బ్యాంకు లిమిట్ దాచిపెట్టిందని కంగారు పడకండి. మామూలు క్రెడిట్ కార్డుకు ఖాళీగా ఉంటే మాత్రం అడగాల్సిందే.

హై బ్యాలెన్స్. ఆ ఖాతాలో ఇప్పటివరకు నమోదైన అతి పెద్ద బ్యాలెన్స్ ఇది. మామూలు కార్డుకు దీన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఛార్జ్ కార్డుకు మాత్రం ముఖ్యం, ఎందుకంటే లిమిట్ లేని చోట కొన్ని స్కోరింగ్ పద్ధతులు దీన్నే లిమిట్‌గా పట్టుకుంటాయి.

బాధ్యత. వ్యక్తిగతం, ఉమ్మడి, ఆథరైజ్డ్ యూజర్ (వేరొకరి ఖాతా మీద కార్డు వాడుకునే అనుమతి ఉన్నవాళ్లు) అని మూడు రకాలుగా కనిపిస్తుంది. భార్య లేదా భర్త పర్సనల్ ఛార్జ్ కార్డులో మిమ్మల్ని ఆథరైజ్డ్ యూజర్‌గా చేర్చి ఉంటే ఆ ఖాతా మీ రిపోర్టులోకీ రావచ్చు. వాళ్ల చరిత్ర బాగుంటే మంచిదే. ఆలస్యాలు ఉంటే అవీ కనిపిస్తాయి.

నెలవారీ చెల్లింపు. అచ్చమైన ఛార్జ్ కార్డుకు ఇది ఖాళీగానైనా ఉంటుంది, లేదా మొత్తం బ్యాలెన్సే నెల చెల్లింపుగా కనిపిస్తుంది. మీకు ఇబ్బంది లేదు కానీ, ఇంటి లోన్ ఇచ్చేవాళ్లు ఈ గడి దగ్గర ఆగుతారు. తొమ్మిది వేల డాలర్లు నెలనెలా కట్టే వాయిదాలా కనిపిస్తే వాళ్లు వివరణ అడుగుతారు.

చెల్లింపుల చరిత్ర. నెలనెలా గళ్లు. డ్యూ డేట్ దాటి 30 రోజులు గడిచాకే ఆలస్యం బ్యూరోకు చేరుతుంది. నాలుగైదు రోజులు ఆలస్యమైతే లేట్ ఫీజు పడుతుంది కానీ రిపోర్టులో మచ్చ పడదు. ఒకసారి పడితే ఏడేళ్లు ఉంటుంది.

ఛార్జ్ కార్డుతో ఒక ప్రమాదం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. మామూలు కార్డుకు అలవాటు పడినవాళ్లు కనీస మొత్తంలా కొంత కట్టి, ఈ నెలకు సరిపోయిందనుకుంటారు. పే ఓవర్ టైమ్ కిందకు రాని మొత్తంలో ఒక్క డాలర్ మిగిలినా అది బకాయే. స్టేట్‌మెంట్‌లో రెండు అంకెలు విడివిడిగా ఉంటాయి: వెంటనే కట్టాల్సింది, తర్వాత కట్టగలిగింది. మొదటిది పూర్తిగా కట్టాలి. ఆటోపే పెట్టేటప్పుడు పూర్తి స్టేట్‌మెంట్ బ్యాలెన్స్ అనే ఎంపికే తీసుకోండి.

ఈ మెట్టు పూర్తయ్యేసరికి ప్రతి కార్డుకు మూడు బ్యూరోల్లో ఏముందో చూపే చిన్న పట్టిక మీ చేతిలో ఉండాలి. మూడూ ఒకేలా లేని కార్డు పక్కన గుర్తు పెట్టుకోండి.

## 4. యుటిలైజేషన్ లెక్క మీరే వేసుకోండి

లోన్ ఇచ్చేవాళ్లు ఎక్కువగా చూసే ఫైకో స్కోరులో చెల్లింపుల చరిత్రకు 35 శాతం, బాకీల మొత్తానికి 30 శాతం బరువు ఉంటుంది. రెండో దాంట్లో ప్రధానమైనది యుటిలైజేషన్, అంటే రివాల్వింగ్ కార్డుల లిమిట్లలో మీరు ఎంత భాగం వాడారన్నది.

ఉదాహరణకు మీకు రెండు మామూలు క్రెడిట్ కార్డులున్నాయి. లిమిట్లు కలిపి 12,000 డాలర్లు, బ్యాలెన్స్ 1,200. వాడకం 10 శాతం. దీనికి తోడు ఒక ఛార్జ్ కార్డు మీద 9,000 డాలర్ల బ్యాలెన్స్ ఉంది.

ఆ ఛార్జ్ కార్డు ఓపెన్ రకంగా నమోదైతే, ఫైకో 8 లాంటి కొత్త వెర్షన్లు దాన్ని ఈ లెక్కలోకి తీసుకోవు. వాడకం 10 శాతమే. తొమ్మిది వేలకు టెన్షన్ పడనక్కర్లేదు.

అదే కార్డు రివాల్వింగ్ అని నమోదై, లిమిట్ లేక, హై బ్యాలెన్స్ 9,500 ఉందనుకోండి. హై బ్యాలెన్స్‌ను లిమిట్‌గా తీసుకునే పద్ధతిలో లెక్క ఇలా మారుతుంది: వాడినది 10,200, మొత్తం లిమిట్ 21,500, అంటే 47 శాతం పైనే. మీ ఖర్చు మారలేదు, ఒక గడిలో పదం మారిందంతే. కొన్ని పాత స్కోరింగ్ వెర్షన్లు ఇలాగే చూస్తాయి. కార్డు కొత్తదైతే పరిస్థితి ఇంకా ఇబ్బందిగా ఉంటుంది: మొదటి నెల బ్యాలెన్సే హై బ్యాలెన్స్ కూడా కాబట్టి, కార్డు మొత్తం వాడేసినట్టు కనిపిస్తుంది.

యాప్‌లో చూసే స్కోరుకు, లోన్ ఇచ్చేవాళ్లు చూసే స్కోరుకు తేడా రావడానికి ఇదొక కారణం. క్రెడిట్ కర్మ యాప్ చూపేది ఫైకో కాని మరో స్కోరు, వాంటేజ్‌స్కోర్. ఇంటి లోన్లకు చాలాకాలంగా వాడుతున్నవి ఫైకో 2, 4, 5 వెర్షన్లు. ఒకే రిపోర్టు మీద కూడా వీటి అంకెలు ఒకటిగా ఉండవు.

సరిదిద్దుకునే మార్గం సులువే. బ్యాంకులు సాధారణంగా స్టేట్‌మెంట్ ముగిసిన నాటి బ్యాలెన్స్‌ను బ్యూరోకు పంపుతాయి. డ్యూ డేట్‌కు పూర్తిగా కట్టేవాళ్లకు కూడా పెద్ద బ్యాలెన్స్ కనిపించేది అందుకే: కట్టేసరికి పాత అంకె బ్యూరోకు వెళ్లిపోయి ఉంటుంది.

- స్టేట్‌మెంట్ ముగిసే తేదీకి మూడు నాలుగు రోజుల ముందే బ్యాలెన్స్‌లో ఎక్కువ భాగం కట్టండి
- చెల్లింపు ఖాతాలో పడిందని చూసుకోండి, పెండింగ్‌లో ఉంటే లెక్కకు రాదు
- స్టేట్‌మెంట్ వచ్చాక మిగిలిన చిన్న మొత్తాన్ని డ్యూ డేట్ లోపు తీర్చండి
- లోన్‌కు అప్లై చేసే ముందు రెండు నెలలు ఇలా చేస్తే చాలు, ఏడాది పొడవునా అవసరం లేదు

## 5. బిజినెస్ కార్డు మీ రిపోర్టులోకి వస్తుందా, రాదా

చాలామంది నమ్మకం ఇది: ఈఐఎన్ (వ్యాపారం పన్ను గుర్తింపు నంబరు) ఇచ్చి తీసుకున్నాం కాబట్టి కార్డు కంపెనీది, మనకు సంబంధం లేదు. ఇది నిజం కాదు. అప్లికేషన్‌లో మీ ఎస్ఎస్ఎన్ కూడా అడిగారంటే, సాధారణంగా మీ పర్సనల్ రిపోర్టు చూస్తారు, మీ గ్యారంటీ తీసుకుంటారు. ఎల్ఎల్‌సీ ఉన్నా ఆ కార్డు బాకీకి మీరు వ్యక్తిగతంగా బాధ్యులే. ఎల్ఎల్‌సీ ఇచ్చే రక్షణను (కంపెనీ బాకీ మీ సొంత ఆస్తికి తగలకపోవడం) మీరు సంతకం పెట్టి పక్కకు జరిపినట్టే.

అప్లై చేసిన రోజు పడే హార్డ్ ఎంక్వైరీ (బ్యాంకు మీ రిపోర్టు చూసినట్టు నమోదు) మీ పర్సనల్ రిపోర్టులో రెండేళ్లు కనిపిస్తుంది. ఫైకో దాన్ని ఏడాది వరకే లెక్కలోకి తీసుకుంటుంది. రిపోర్టును ఎవరూ చూడకుండా ఫ్రీజ్ చేసి ఉంటే బిజినెస్ కార్డుకైనా ముందు దాన్ని తీయాలి.

ఆ తర్వాత నెలనెలా బ్యాలెన్స్ పర్సనల్ రిపోర్టుకు వస్తుందా అన్నది బ్యాంకును బట్టి ఉంటుంది. పెద్ద బ్యాంకుల తీరు స్థూలంగా ఇదీ:

అమెరికన్ ఎక్స్‌ప్రెస్, చేజ్. బిల్లు సరిగ్గా కడుతున్నంత కాలం బిజినెస్ కార్డులు సాధారణంగా పర్సనల్ బ్యూరోలకు వెళ్లవు. బాగా బకాయి పడితే మాత్రం వెళ్తాయి. అంటే మంచి చరిత్ర మీకు కలిసిరాదు, చెడు మాత్రం అంటుకుంటుంది.

క్యాపిటల్ వన్. ఎక్కువ బిజినెస్ క్రెడిట్ కార్డులను పర్సనల్ బ్యూరోలకు పంపుతుంది. ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టాల్సిన స్పార్క్ క్యాష్ ప్లస్, వెంచర్ ఎక్స్ బిజినెస్ మాత్రం ఇందుకు మినహాయింపు. ఈ బ్యాంకు అప్లికేషన్‌కు మూడు బ్యూరోల్లోనూ ఎంక్వైరీ పడటం మామూలే.

విధానాలు మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే ముందు బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. చాట్‌లో అడిగి ఆ జవాబును దాచుకున్నా సరే. ప్రశ్న స్పష్టంగా ఉండాలి: "ఖాతా బకాయి లేకుండా ఉన్నప్పుడు నెలవారీ బ్యాలెన్స్‌ను కన్స్యూమర్ బ్యూరోలకు పంపుతారా?" క్రెడిట్ బ్యూరోలకు పంపుతారా అని మాత్రం అడిగితే, బిజినెస్ బ్యూరోలను మనసులో పెట్టుకుని ఔననవచ్చు.

పర్సనల్ రిపోర్టుకు వచ్చే బిజినెస్ కార్డుతో అసలు చిక్కు లిమిట్ దగ్గర వస్తుంది. సరుకు కొనడానికి 10,000 లిమిట్ ఉన్న కార్డు మీద నెలకు 7,500 వాడారనుకోండి. పై ఉదాహరణలోని రెండు కార్డులతో కలిపితే 22,000కు 8,700, దాదాపు 40 శాతం. పైగా ఆ ఒక్క కార్డు వాడకమే 75 శాతం. స్కోరు మొత్తం వాడకాన్నీ, ఒక్కో కార్డు వాడకాన్నీ కూడా చూస్తుంది. వ్యాపారం బాగా నడుస్తున్నందుకే ఇంటి లోన్ రేటు పెరగడం అన్యాయంగా అనిపిస్తుంది, కానీ జరిగేది అదే. సరుకుల ఖర్చు ఎక్కువగా ఉండే గ్యాస్ స్టేషన్, కిరాణా దుకాణం లాంటి వ్యాపారాలకు పర్సనల్ రిపోర్టుకు రాని కార్డే మేలని నా అభిప్రాయం.

కొత్త కార్డులు తరచుగా తీసుకునేవాళ్లకు మరో మాట. చేజ్ విషయంలో జనం 5/24 అని పిలుచుకునే లెక్కలో, గత 24 నెలల్లో పర్సనల్ రిపోర్టులోకి వచ్చిన కొత్త కార్డులను చూస్తారు. రిపోర్టులో కనిపించే బిజినెస్ కార్డు కూడా అందులో చేరిపోతుంది.

ఇక ఉద్యోగం చేసే కంపెనీ ఇచ్చిన కార్పొరేట్ కార్డు. ప్రతి వారం క్లయింట్ ఊరికి విమానంలో వెళ్లే కన్సల్టెంట్లకు ఇది బాగా తెలిసినదే. మామూలు రోజుల్లో ఇది మీ పర్సనల్ రిపోర్టులో కనిపించదు. కానీ కొన్ని కంపెనీల ఒప్పందంలో బాధ్యత ఉద్యోగిదే. కంపెనీ రీయింబర్స్‌మెంట్ ఆలస్యం చేసినా, మీరు ఎక్స్‌పెన్స్ రిపోర్టు పెట్టడం మరిచిపోయినా, కార్డు కంపెనీ మిమ్మల్నే అడుగుతుంది. చాలాకాలం కట్టకపోతే కలెక్షన్లకు వెళ్లి మీ రిపోర్టులోకి రావచ్చు. ఉద్యోగం మారేటప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే పాత ఆఫీసు ఈమెయిల్‌కు వచ్చే బిల్లులు మీకు కనిపించవు.

- ఉద్యోగం మానే ముందు ఎక్స్‌పెన్స్ రిపోర్టులన్నీ పెట్టేయండి
- కార్డు ఖాతాలో మీ సొంత ఈమెయిల్, ఫోన్ నంబరు, చిరునామా నమోదు చేయండి
- బ్యాలెన్స్ సున్నా అయిందని, ఖాతా మూసేశారని రాతపూర్వకంగా తీసుకోండి
- మూడు నెలల తర్వాత రిపోర్టు దింపి చూడండి

## 6. బిజినెస్ బ్యూరోల వైపు

వ్యాపారానికి వేరే రిపోర్టులు ఉంటాయి. డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్, ఎక్స్‌పీరియన్ బిజినెస్, ఎక్విఫాక్స్ బిజినెస్ ముఖ్యమైనవి. డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ ఇచ్చే పేడెక్స్ స్కోరు 1 నుంచి 100 వరకు ఉంటుంది. 80 అంటే బిల్లులు గడువుకు కడుతున్నారని. ఇక్కడ ముందు చేయాల్సింది ఆ సంస్థ వ్యాపారానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, డన్స్ నంబరు, తీసుకోవడం, అది ఉచితం. తర్వాత వ్యాపారం పేరు, చిరునామా, ఫోన్ అన్ని చోట్లా అక్షరం తేడా లేకుండా ఉంచుకోవాలి. ఒకచోట ఎల్ఎల్‌సీ అని రాసి మరోచోట వదిలేస్తే ఖాతాలు జత కుదరవు.

పర్సనల్ రిపోర్టుల్లా ఇవి చట్టప్రకారం ఉచితంగా రావు. పూర్తి వివరాలకు సాధారణంగా డబ్బు కట్టాలి. వ్యాపార లోన్‌కు వెళ్లే ఆలోచన లేకపోతే ఏడాదికోసారి చూసుకుంటే సరిపోతుంది.

## 7. ఇల్లు కొనే ముందు: లోన్ అధికారి ఈ కార్డులను ఎలా చూస్తారు

స్కోరు ఒక్కటే కాదు, ఆదాయానికీ అప్పులకూ ఉన్న నిష్పత్తి కూడా చూస్తారు. ఛార్జ్ కార్డుకూ, రివాల్వింగ్ కార్డుకూ ఇక్కడ తేడా పెద్దది. ఇంటి లోన్లను బ్యాంకుల నుంచి కొనే సంస్థ ఫ్యానీ మే నిబంధనల ప్రకారం ఇదీ లెక్క.

ప్రతి నెలా పూర్తిగా తీర్చే ఓపెన్ ఖాతా. దీన్ని అప్పుల నిష్పత్తిలో కలపనక్కర్లేదు. కానీ ఆ బ్యాలెన్స్ తీర్చడానికి సరిపడా డబ్బు మీ బ్యాంకులో ఉందని చూపించాలి. ఆ డబ్బు క్లోజింగ్ (ఇంటి కొనుగోలు పూర్తి చేయడం) ఖర్చులకూ, రిజర్వులకూ (చేతిలో మిగల్చమనే సొమ్ముకూ) అవసరమైనది కాకుండా అదనంగా ఉండాలి. ఛార్జ్ కార్డు మీద 9,000 ఉంటే, డౌన్ పేమెంట్ అన్నీ పోను మరో 9,000 కనిపించాలన్నమాట. క్లోజింగ్ నెలలో ఇండియా టికెట్లు, కొత్త ఇంటి సోఫాలు ఛార్జ్ కార్డు మీద కొనేవాళ్లకు ఇది సరిగ్గా అప్పుడే అడ్డొస్తుంది.

కనీస చెల్లింపు కనిపించని రివాల్వింగ్ ఖాతా. తక్కువ చెల్లింపు అని కాగితం చూపించలేకపోతే, బ్యాలెన్స్‌లో 5 శాతాన్ని నెలవారీ అప్పుగా లెక్కిస్తారు. 9,000 మీద అది 450 డాలర్లు. నెలకు 450 అదనపు అప్పంటే వచ్చే లోన్ మొత్తం బాగానే తగ్గుతుంది. కనీస చెల్లింపు కనిపించే స్టేట్‌మెంట్ ఇస్తే ఆ అంకెనే తీసుకోవచ్చు.

పర్సనల్ రిపోర్టులో కనిపించే బిజినెస్ కార్డు. దీన్ని మీ అప్పుల నుంచి తీసేయించే దారి ఉంది. ఆ ఖాతాలో ఆలస్యాలు ఉండకూడదు. వ్యాపారమే కడుతోందని రుజువు కావాలి, ఉదాహరణకు వ్యాపారం ఖాతా నుంచి వెళ్లిన 12 నెలల చెక్కులు. వ్యాపారం ఆదాయం లెక్కకట్టేటప్పుడు ఆ చెల్లింపును పరిగణనలోకి తీసుకుని ఉండాలి. అందుకే మొదటి మెట్టులో 12 నెలల స్టేట్‌మెంట్లు తీసి పెట్టుకోమన్నది. మధ్యలో రెండు నెలలు సొంత ఖాతా నుంచి కడితే ఈ రుజువు తెగిపోతుంది. బిజినెస్ కార్డు బిల్లు ఎప్పుడూ వ్యాపారం ఖాతా నుంచే కట్టండి.

రిపోర్టులో లేని బిజినెస్ కార్డు బాకీని లోన్ ఫారంలో దాచిపెట్టవద్దు. అప్పుల గురించి అడిగిన చోట ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అవసరమైతే పై కాగితాలే జత చేయండి.

## 8. తప్పు కనిపిస్తే సరిచేయించడం

ముందు అది నిజంగా తప్పేనా అని తేల్చుకోండి. ఛార్జ్ కార్డుకు లిమిట్ లేకపోవడం తప్పు కాదు. పే ఓవర్ టైమ్ కార్డు రివాల్వింగ్ అనడమూ తప్పు కాదు. ఇవి నిజంగా అడగాల్సినవి:

- మామూలు క్రెడిట్ కార్డుకు లిమిట్ లేకుండా, లేదా తప్పు లిమిట్‌తో నమోదు కావడం
- గడువుకు కట్టిన నెలను 30 రోజుల ఆలస్యంగా చూపడం
- మూసేసిన, బ్యాలెన్స్ సున్నా అయిన ఖాతాకు ఇంకా బాకీ చూపడం
- మీరు ఆథరైజ్డ్ యూజర్ మాత్రమే అయితే బాధ్యత వ్యక్తిగతమని ఉండటం
- మీకు సంబంధం లేని వ్యాపారం కార్డు మీ రిపోర్టులో ఉండటం, ఒకే పేరున్నవాళ్ల మధ్య ఇది జరుగుతుంది

చేయాల్సిన వరుస ఇదీ:

1. కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫోన్ చేయండి. తప్పు వాళ్ల దగ్గర నుంచే వెళ్తుంటే, బ్యూరోలో సరిచేసినా వచ్చే నెల మళ్లీ అదే తప్పు వస్తుంది.
2. తప్పు చూపిస్తున్న ప్రతి బ్యూరోకు విడిగా డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టండి. ఒకరికి పెడితే మిగతా ఇద్దరికీ వెళ్లదు.
3. ఒక డిస్ప్యూట్‌లో ఒకే విషయం రాయండి. "మార్చి నెల ఆలస్యంగా చూపుతోంది, చెల్లింపు 12వ తేదీన చేరింది, స్టేట్‌మెంట్ జత చేశాను" అన్నంత సూటిగా.
4. ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు. పెద్ద తప్పైతే సర్టిఫైడ్ మెయిల్ మంచిది, అందినట్టు రుజువు ఉంటుంది. కాగితాల నకళ్లు పంపండి, అసలువి కాదు.
5. ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం సాధారణంగా 30 రోజుల్లో విచారణ ముగించాలి. కొన్ని సందర్భాల్లో 45 రోజులు పట్టవచ్చు. ఫలితం రాతలో వస్తుంది.
6. రిపోర్టు మళ్లీ దింపి ఆ గడి మారిందో లేదో మీ కళ్లతో చూడండి. మారకపోతే అదే డిస్ప్యూట్ మళ్లీ పంపకుండా కొత్త రుజువు జత చేయండి, వినియోగదారుల ఆర్థిక ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ సీఎఫ్‌పీబీకి ఫిర్యాదు చేయండి.

ఇంటి లోన్ అప్లికేషన్ నడుస్తుండగా సొంతంగా డిస్ప్యూట్ పెట్టకండి. డిస్ప్యూట్‌లో ఉన్న ఖాతా లోన్ ఇవ్వాలా వద్దా అని చూసే అండర్‌రైటింగ్‌ను ఆపేయవచ్చు. ఆ సమయంలో లోన్ అధికారికే చెప్పండి. వాళ్లు రాపిడ్ రీస్కోర్ (స్కోరును త్వరగా మళ్లీ లెక్కించడం) అడిగితే సరిచేసిన బ్యాలెన్స్ కొద్ది రోజుల్లో లెక్కలోకి వస్తుంది. అది లోన్ ఇచ్చేవాళ్ల ద్వారానే జరుగుతుంది, మనం నేరుగా అడగలేం.

గుర్తుంచుకోవలసిన తేడా ఒకటుంది. 2009 నాటి కార్డ్ చట్టంలో వడ్డీ, ఫీజుల గురించి ఉన్న రక్షణలు చాలావరకు బిజినెస్ కార్డులకు వర్తించవు. కానీ ఆ కార్డు మీ పర్సనల్ రిపోర్టులో కనిపిస్తే, ఆ నమోదు సరిగ్గా ఉండాలని అడిగే హక్కు మీకు ఉంటుంది.

## 9. కార్డు మూసేయాలనుకుంటే

వార్షిక ఫీజు భారమై ఛార్జ్ కార్డు మూసేస్తే, లిమిట్ లేని ఖాతా కాబట్టి యుటిలైజేషన్‌కు సాధారణంగా నష్టం ఉండదు. మంచి చరిత్రతో మూసిన ఖాతా పదేళ్ల వరకు రిపోర్టులో నిలుస్తుంది. పర్సనల్ రిపోర్టుకు వచ్చే బిజినెస్ క్రెడిట్ కార్డును మూస్తే మాత్రం దాని లిమిట్ పోయి మిగతా కార్డుల వాడకం శాతం పెరుగుతుంది. ముందు నాలుగో మెట్టులోని లెక్క ఆ లిమిట్ లేకుండా వేసి చూడండి. 30 శాతం దాటేలా ఉంటే, మిగతా కార్డుల బ్యాలెన్స్ తగ్గించాకే మూయండి. ఇంటి లోన్ మధ్యలో ఉంటే క్లోజింగ్ అయ్యేదాకా ఏ కార్డూ మూయకండి, కొత్తదానికీ అప్లై చేయకండి.